పండిన గొంతు

"నాను రానని నిన్ననే సెప్పీసినాను. మళ్ళీ ఆ మాటెత్తితే ఊరుకోను," అంది కాసులమ్మ, గుమ్మానికి అడ్డంగా కూర్చుని.

రానని భీష్మించుకున్న మనిషి పొద్దున్నే తలంటుకుంది. పండగలకి కట్టే నీలం జరీచీర కట్టుకుంది. బిందె దగ్గర నిలబడి చెంబు మీద చెంబు నీళ్ళు తాగింది. ఇవేవీ ఎవరూ చూడలేదని ఆమె నమ్మకం. జాలరిపేటలో ఆ అగ్గిపెట్టంత ఇంట్లో ఎవరూ చూడకుండా జరిగే పని ఏముంటుంది?

"ఆటో వచ్చీసిందమ్మా. అవతల డాక్టరమ్మ టైమిచ్చింది," అన్నాడు కొడుకు సన్నీ.

"ఎనక్కి పంపీ."

"నీకు భయమేటి?"

"భయమా? నాకా? ఏ బోటు ఓనరు ముందు తగ్గినాన్రా నాను? ఏ షావుకారికి భయపడినాను?"

అడిగిన తీరు ఘనంగానే ఉంది. మాట మాత్రం పైకి లేవలేదు. గొంతులోనే గీసుకుపోయి సగం ఊపిరిగా బయటపడింది. ఫిషింగ్ హార్బర్ షెడ్డులో ఆమె చేపల వేలం పాడితే జెట్టీ చివర ఐసు దింపుకునేవాళ్ళు తలెత్తి చూసేవారు. ఇప్పుడు వాకిట్లో ఉన్న ఆటోవాడికి కూడా వినపడలేదు. అతను తన ఫోను తాను చూసుకుంటున్నాడు.

లోపల కోడలు దేవి బట్టలు సర్దుకుంటోంది. బ్యాగు జిప్పు చప్పుడు ఇంటికంతటికీ వినపడింది. సన్నీ అటు చూడలేదు. ఇంట్లో ఏది జరిగినా అటు చూడకుండా ఉండడం అతనికి చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య.

"నాతోటి ఎవులూ రానక్కర్నేదు. ఎళ్తే నా కొడుకుతో నానెళ్తాను," అంది కాసులమ్మ, గోడ వైపు తిరిగి.

ఏడాదిగా ఆమె కోడలితో నేరుగా మాట్లాడదు. గోడతో మాట్లాడుతుంది. గోడ తరఫున జవాబు చెప్పుకోవడం దేవి వంతు.

దేవి బ్యాగు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. "నాను వస్తాను. స్కానింగ్ అయ్యేదాకా ఉంటాను. మజ్జానం మా అన్న మా ఊరు ముక్కాం నుంచి సేపల వ్యానేసుకుని హార్బర్‌కి వస్తాడు. ఎనక్కెళ్ళేటప్పుడు ఆడితో ఎళ్ళిపోతాను. ఆదివారం నాడే సెప్పినాను కదా."

"ఎళ్ళేదానివి ఇప్పుడే ఎళ్ళు!"

ఈ మాట గోడతో కాదు. ఏడాదిలో అత్త తన మొహం చూసి అన్న మొదటి మాట అది. దీనికన్నా గోడే నయమనిపించింది దేవికి.

"అలగే," అంది. "నువ్వు ఆటో ఎక్కు, నానూ ఎక్కుతాను. నువ్వెక్కకపోతే నానిక్కడే కూకుంటాను. నన్ను బేగి వదిలించుకోవాలంటే నువ్వే బేగి ఎక్కాల."

కాసులమ్మ ఆటో ఎక్కింది.

అసలు సంగతి నిరుడు మొదలైంది. హార్బర్‌లో వేలం పాడేవాళ్ళకి ఒక లెక్క ఉంది. ఏళ్ళ తరబడి అరిచి అరిచి గొంతు బొంగురుపోతే దాన్ని జబ్బు అనరు. గొంతు పండింది అంటారు. పండిన గొంతుతో పాడితే సరుకు బాగా పోతుందని బోటు ఓనర్ల నమ్మకం. కాసులమ్మ గొంతు బొంగురుపోయిన వారం షెడ్డులో అందరికీ బెల్లం మిఠాయి పంచారు. ఎదురు షెడ్డులో పాడే జోగమ్మ ఆ మిఠాయి నోట్లో వేసుకుని, మొహం వేపాకు తిన్నట్టు పెట్టుకుంది. తనది ఇంకా పచ్చిగొంతే మరి.

అప్పట్లో దేవి అత్త పక్కన నిలబడి పాట నేర్చుకుంటోంది. ఒకరోజు ఇంట్లో అన్నం తినేటప్పుడు అత్త మెడ వైపే చూసి నెమ్మదిగా అంది.

"అత్తా, ఇది పండడం కాదేమో. నువ్వు మింగినప్పుడల్లా మెడలో ఏదో ఉండలాగ పైకీ కిందకీ కదలతంది. ఓసారి డాక్టరుకి సూపిద్దామా?"

పెద్దల మాట చద్దిమూట అంటారు. చిన్నవాళ్ళ మాటని ఎవరూ మూట కట్టుకోరు. మర్నాడు షెడ్డులో, బోట్లన్నీ వచ్చి జనం కిటకిటలాడుతుండగా, కాసులమ్మ జవాబు చెప్పింది.

"ఇది నా గొంతు మీద కన్నేసిందర్రా! నాను మూగదాన్నయిపోతే నా జాగాలో నిలబడి పాడదామని సూస్తంది!"

అని ఊరుకోలేదు. దేవి నెత్తిన గంప పెట్టి గోపాలపట్నంలో ఇంటింటికీ తిరిగి అమ్ముకోమని పంపేసింది. సన్నీ పక్కనే తాడు చుట్టుకుంటున్నాడు. చుట్టిన తాడు విప్పి మళ్ళీ చుట్టాడు కానీ నోరు విప్పలేదు. ఏడాది తిరిగేసరికి ఉండ ఎవరి కంటికైనా ఆనేటంత అయింది, పాట ఆగిపోయింది. మొన్న ఆదివారం చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చూడ్డానికొస్తే కాసులమ్మ వాళ్ళతో అంది: "దీని నోటి మాటే నా మెడకి తగిలింది." దేవి బ్యాగు కిందకి దించింది ఆ మాట విన్నాకే.

* * *

జగదాంబ జంక్షన్ దగ్గరి స్కానింగ్ సెంటర్‌లో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఎక్కువమంది కడుపుతో ఉన్న ఆడపిల్లలు. కాసులమ్మ కూర్చుంటోంది, లేస్తోంది, మళ్ళీ కూర్చుంటోంది. కాలి మీద కాలు వేసి బిగించుకుంటోంది. నుదుటి మీద చెమట పట్టింది.

దేవికి అనుమానం వచ్చింది. "అత్తా, నీళ్ళేటైనా ఎక్కువ తాగినావా?"

కాసులమ్మ ఎదుటి గోడ మీద గడియారం వైపు చూసింది. "పక్కింటి నూకాలు సెప్పింది. స్కానింగంటే కడుపు నిండా నీళ్ళు తాగి బిగబట్టాలంట. లేకపోతే బొమ్మ పడదంట."

దేవి ఏదో అనబోయేలోపు పేరు పిలిచారు. "ఆడవాళ్ళెవరైనా ఒకరు తోడు రావచ్చు," అంది తలుపు దగ్గరి అమ్మాయి. కాసులమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు ఫోను వైపు చూశాడు. దేవి లేచింది.

గది చల్లగా, మసక వెలుతురుగా ఉంది. ఓ పక్క మంచం, దాని పక్కన టీవీ లాంటి తెర ఉన్న మెషిన్. డాక్టర్ సూర్యకళ కాగితం మీద ఒకసారి, కాసులమ్మ మొహం మీద ఒకసారి చూసి నవ్వింది.

"నీళ్ళు తాగి వచ్చారా? కడుపు కాదమ్మా, చూసేది మెడ. దీనికి నీళ్ళు తాగక్కర్లేదు, పస్తుండక్కర్లేదు. ముందు అలా బాత్‌రూమ్‌కి వెళ్ళి రండి."

"మా పేటలో ఆడోళ్ళందరూ స్కానింగ్‌కి అలగే ఎల్తారమ్మా," అంది కాసులమ్మ బిక్కమొహంతో, ఇంకో మాటకి ఆగకుండా పరుగెత్తింది. దేవి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. తిరిగొచ్చిన కాసులమ్మ ఆ నవ్వు చూసింది. కోప్పడాలనుకుని, ప్రాణం హాయిగా ఉండడంతో మరిచిపోయింది.

"మెడలో ఉన్నవన్నీ తీసేయండి."

ముందు గొలుసు తీసింది. నూకాలమ్మ తల్లి గుడిలో కట్టించుకున్న తాయెత్తు దగ్గర చెయ్యి ఆగింది. అదీ తియ్యాలంది డాక్టర్. తీసి ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసింది. దేవి చెయ్యి చాపింది. కాసులమ్మ ఆ అరచేతి మీద రెండూ పెట్టింది.

మంచం మీద పడుకోబెట్టి భుజాల కింద దిండు పెట్టారు. తల వెనక్కి వాలిపోయి మెడ పైకి సాగింది. ఇక పైకప్పు తప్ప ఇంకేమీ కనపడదు.

"తల తిప్పొద్దమ్మా. జెల్ రాస్తున్నాను, చల్లగా ఉంటుంది."

"ఐసుపెట్టిలో సేతులెట్టి బతికే మనిషిని. నాకు సల్లదనమేటమ్మా?" అంది కానీ, జిగురుగా మెడకి తగిలేసరికి ఉలిక్కిపడింది. "కరెంటెడతారేటి?"

"కరెంటూ లేదు, సూదీ లేదు, ఎక్స్‌రే లాంటి కిరణాలూ లేవు. ఇది శబ్దం. మన చెవికి వినపడదు. ఇది లోపలికి వెళ్ళి, అక్కడున్న వాటికి తగిలి వెనక్కొస్తుంది. అది చూసి మెషిన్ బొమ్మ గీస్తుంది. కాస్త నొక్కినట్టుంటుంది, అంతే."

"మా బోట్లో ఫైండర్ లాగా?"

"అదేంటి?"

"సముద్రం అడుక్కి సప్పుడు పంపుద్ది. కింద సేపల మందుంటే తగిలి ఎనక్కొస్తాది. తెర మీద మచ్చ పడతాది."

"అచ్చంగా అంతే," అంది డాక్టర్ సంతోషంగా. "ఇక మాట్లాడకండి."

సబ్బుబిళ్ళంత పరికరం మెడ మీద జారింది. మధ్య నుంచి కుడికి, మళ్ళీ మధ్యకి, ఎడమకి. "మింగండి" అంది డాక్టర్. కాసులమ్మ మింగింది. "ఇప్పుడు మింగొద్దు. ఊపిరి ఆపండి." ఆపింది. మెషిన్ టిక్కుమంది. తెర మీద బూడిద రంగు మేఘాల్లాంటివి కదిలాయి. వాటి మధ్య ఓ నల్లటి ముద్ద. దాని అంచు చింపిన గుడ్డలా ఉంది. లోపల ఉప్పు చల్లినట్టు సన్నటి తెల్లచుక్కలు. కాసేపటికి తెర మీద ఎరుపూ నీలమూ మెరిసేసరికి దేవి కుర్చీలోంచి సగం లేచింది.

"భయపడకండి. రక్తం ఎటు పారుతోందో చూపించే రంగులవి," అంది డాక్టర్, దేవి మొహం చూసి. తర్వాత అడిగింది, "ఈ ఉండ కనిపించి ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఈ మజ్జినే."

"ఈ మధ్య అంటే?"

"ఓ నెల."

పరికరం ఆగింది. "గొంతు ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

కాసులమ్మ మంచం అంచు పట్టుకుంది.

"నిజం చెప్పండి. నెలలో ఇంత అయిందంటే మేం ఒకలా ఆలోచిస్తాం. చాలాకాలంగా ఉండి ఇంత అయితే ఇంకోలా. బొమ్మలో ఈ రోజే కనపడుతుంది. నిన్నటి సంగతి మీరే చెప్పాలి."

దేవి చెప్పేస్తుందని కాసులమ్మ ఎదురుచూసింది. చెబితే బాగుండును. చెబితే మండిపడవచ్చు, డాక్టరమ్మ ముందు నన్ను అల్లరి పెట్టావే అని తిట్టవచ్చు, ఇన్నాళ్ళ కోపానికి ఒక ఆధారం దొరుకుతుంది. దేవి ఒక్క మాట అనలేదు. కుర్చీ చప్పుడు కూడా రాలేదు.

ఎదురుగా మొహం ఉంటే ఆ మాట ఎప్పటికీ వచ్చేది కాదు. తల వెనక్కి వాలి, కళ్ళకి పైకప్పు తప్ప మనిషన్నవాళ్ళు కనపడని చోట వచ్చింది. గోడలతో మాట్లాడే అలవాటున్న మనిషికి పైకప్పు ఓ లెక్కా?

"ఏడాది దాటిందమ్మా," అంది. "నా కోడలు అప్పుడే సూసింది. మెడలో ఉండుందత్తా, డాక్టరు కాడికి పోదామంది. నాను ఇన్నేదు. నా పాట లాక్కుందామని అలాగంటందనుకున్నాను. గంపెట్టి తరిమీసినాను దాన్ని."

కంటి కొసల నుంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోయాయి. తల తిప్పవద్దన్నారు కాబట్టి తుడుచుకోలేదు. చేపల రేవులో తనంత తెలివైనది లేదనుకుంది ఇన్నాళ్ళూ. తాజా చేప ఏదో, ఐసులో నానింది ఏదో మొప్ప ఎత్తకుండా చెప్పే మనిషి. ఇంట్లో మనిషిని మాత్రం పోల్చుకోలేకపోయింది. ఆ సిగ్గు జబ్బు భయం కన్నా ఎక్కువగా కోసింది.

డాక్టర్ పరికరాన్ని చెవుల కింద నుంచి మెడ పక్కల మీదుగా నెమ్మదిగా దింపింది, రెండు వైపులా. ఒకచోట ఆగి మళ్ళీ వెనక్కెళ్ళి చూసింది. తర్వాత మెత్తటి కాగితంతో జెల్ తుడిచి, "అయిపోయింది, నెమ్మదిగా లేవండి," అంది.

లేచేసరికి కాసులమ్మకి కాస్త తల తిరిగింది. వీపు వెనక ఓ చెయ్యి ఆనింది. అది డాక్టరుది కాదని తిరిగి చూడకుండానే తెలిసింది.

"థైరాయిడ్ గ్రంథిలో గడ్డ ఉంది," అంది డాక్టర్. "ఇలాంటి గడ్డలు చాలామందికి ఉంటాయి, ఎక్కువమందికి వాటి వల్ల ఏమీ కాదు. కానీ దీని అంచూ, ఆ తెల్లచుక్కలూ నాకు నచ్చలేదు. పైగా గొంతు మారింది. అందుకని సూది పరీక్ష చెయ్యాలి. ఈ మెషిన్‌తో చూసుకుంటూనే సన్నటి సూదితో కొంచెం తీసి పంపిస్తాం. గొంతు లోపల ఎలా ఉందో కూడా గొంతు డాక్టరు కెమెరా పెట్టి చూస్తారు."

"ఇందులో అది కేన్సరో కాదో తెలీదేటి?"

"దీనితో అనుమానం తెలుస్తుంది. అదో కాదో ఖాయంగా తెలీదు."

కాసులమ్మ తల ఊపింది. "ఫైండర్లో మచ్చ కనబడద్ది. అది వంజరమో సొరో వల పైకి లాగితే గాని తెలీదు. సరే. వల ఎప్పుడేస్తారు?"

"రేపు పొద్దున్న రండి."

కాసులమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఏడాది కిందటే వచ్చుంటే?"

డాక్టర్ చేతులు తుడుచుకుంటోంది. ఆ ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "అప్పుడు నేను చూడలేదు కదమ్మా. చూడనిది చెప్పలేను," అంది మెల్లగా. "ఇప్పుడు వచ్చారు. రేపు కూడా రండి. అది చాలు."

చాలదని కాసులమ్మకి తెలుసు.

* * *

బయట రిపోర్టు కోసం కూర్చున్నారు. సన్నీ ఎదురొచ్చి "ఏటన్నారు?" అని అడిగాడు. రేపు సూది పరీక్ష అని దేవి చెప్పింది. అతని మొహం పాలిపోయింది. మంచినీళ్ళు తెస్తానని వెళ్ళి, బాటిల్ కొనుక్కొచ్చి, మూత తీసి ఎవరికివ్వాలో తెలియక తానే తాగాడు.

దేవి గుప్పిట విప్పి గొలుసూ తాయెత్తూ అత్తకిచ్చింది. కాసులమ్మ తీసుకుని వెంటనే వేసుకోలేదు.

"ఇన్నావు కదా?" అంది. ఈసారి గోడ వైపు తిరగలేదు.

"ఇన్నాను."

"ఉన్నదున్నట్టు సెప్పీసినాను డాక్టరమ్మకి. ఒక్క మాట దాయనేదు."

"అవునత్తా."

"మరింకేటి? ఆ బ్యాగు మళ్ళీ ఇంట్లోనే ఎట్టీ. ఇంటికెళ్ళిపోదాం."

దేవి పక్కకి చూసింది. పక్క కుర్చీలో కడుపుతో ఉన్న పిల్ల నీళ్ళు తాగుతోంది. ఆమె భర్త ఇంకా తాగమని బతిమాలుతున్నాడు.

"నన్నన్నది రేవులో అత్తా," అంది దేవి. "బోట్లన్నీ వచ్చిన ఏళ. పదిమందీ ఇంటుండగా. ఒప్పుకున్నది తలుపేసిన గదిలో. ఆ డాక్టరమ్మకి నా పేరు కూడా తెల్దు."

కాసులమ్మ తాయెత్తు దారాన్ని వేలికి చుట్టుకుంది.

"గోపాలపట్నంలో నా కాడ సేపలు కొనే ఆవిడ కూడా అడిగింది. అత్త గొంతు మీద కన్నేసిన కోడలివి నువ్వేనా అని. తూకం తప్పేస్తానేమోనని కూడా అంత అనుమానంగా సూడదావిడ. ఏడాది ఆ మాట నెత్తి మీదెట్టుకుని తిరిగినాను, గంపతో పాటు. నీకు బాగయిపోవాల. అదొక్కటే నాకు కావాల. ఆ ఇంట్లో మాత్రం నానుండలేను."

"ఇప్పుడేల దేవీ ఇవన్నీ, ఒగ్గేయ్," అన్నాడు సన్నీ, నేల చూస్తూ.

దేవి అతని వైపు ఒక్కసారి చూసింది. కోపంగా కాదు. రావలసిన బస్సు రాదని తెలిసిపోయాక రోడ్డు వైపు చూసినట్టు చూసి, కళ్ళు తిప్పేసుకుంది.

* * *

ఆటో హార్బర్ గేటు దగ్గర ఆగింది. దేవిని అక్కడ దింపి మిగతా ఇద్దరూ జాలరిపేట పోవాలి. ముక్కాం వ్యాను అప్పటికే సరుకు దింపేసి నిలబడి ఉంది. దేవి అన్న ఉమామహేష్ వచ్చి చెల్లెలి బ్యాగు అందుకున్నాడు. కాసులమ్మకి దణ్ణం పెట్టాడు. ఆమె ఆరోగ్యం అడగాలో, చెల్లెలి సంగతి అడగాలో తెలియక రెండూ మానేశాడు.

దేవి వంగి అత్త కాళ్ళకి మొక్కింది. "రేపు పరీక్షకి దడవకు. సూది సన్నగుంటాదంట. తాయెత్తు ఇంటి కాడే ఒగ్గేసి ఎళ్ళు, మళ్ళీ తియ్యమంటారు," అంది. అంతే. వ్యాను వైపు నడిచింది.

కాసులమ్మ ఆటో దిగింది.

"నువ్వెక్కడికమ్మా?" అన్నాడు సన్నీ.

ఆమె షెడ్డు వైపు నడుస్తోంది. అతనూ వెనకే పరుగెత్తాడు.

మధ్యాహ్నం బోట్లు వచ్చాయి. షెడ్డు నిండా జనం. వంజరం చేపల గంప ముందు జోగమ్మ నిలబడి పాడుతోంది. కాసులమ్మ పాట ఆగిపోయిన దగ్గర నుంచీ ఈ షెడ్డు పాట కూడా ఆమెదే. పచ్చిగొంతయినా ఖంగుమంటోంది. కొనేవాళ్ళు వేళ్ళు ఎత్తుతున్నారు, తలలూపుతున్నారు, ఒకరి మీదొకరు పడుతున్నారు.

రేవులో ఒక కట్టుబాటుంది. పాట నడుస్తుండగా ఇంకో పాటగత్తె వచ్చి గంప అంచు మీద చెయ్యి వేస్తే పాట ఆగాలి. ఎంత పెద్ద ఓనరు సరుకైనా సరే. ఆ చెయ్యి వేసినవాళ్ళకి చెప్పుకునే మాట ఒకటుందని అర్థం. ఊరికే వేస్తే మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కనివ్వరు. కాసులమ్మ తన బతుకులో ఎప్పుడూ అలా చెయ్యి వెయ్యలేదు. వేసే అవసరం ఆమెకి రాలేదు.

ఇప్పుడు వేసింది.

జోగమ్మ గభాలున ఆగింది. అలవాటైన ఎకసెక్కం నోటి దాకా వచ్చింది. "ఏటొదినా, పండిన గొంతు పట్టుకుని ఇలాగొచ్చినావు..." అంటూనే ఆమె మొహం చూసి మిగతాది మింగేసింది.

షెడ్డంతా సద్దుమణిగింది. బయట వ్యాను స్టార్టయిన చప్పుడు.

"నా కోడలు నా గొంతు మీద కన్నెయ్యనేదు," అంది కాసులమ్మ. "మెడలో గడ్డుందని ఏడాది కిందటే సెప్పింది. నానే ఇన్నేదు. మీ అందరి ముందూ దాన్ని అనరాని మాటన్నాను. తప్పు నాది. దాని నోట్లో ఏ దోషమూ నేదు."

బలమంతా పెట్టి అంది. మెడ నరాలు పైకి తేలాయి. వచ్చిన చప్పుడు మాత్రం బల్ల మీద చీర లాగినంత. గంప చుట్టూ ఉన్న నలుగురైదుగురికి తప్ప ఇంకెవరికీ చేరలేదు.

"ఏటంటంది? పాట ఎంత కాడుంది?" అని అడిగారెవరో.

"ఇనబడనేదు! గట్టిగా సెప్పు!" అని వెనక నుంచి ఇంకొకరు అరిచారు. ఇంకెవరో నవ్వారు. మాట తెలియని నవ్వది, చెడ్డ నవ్వు కాదు. అయినా తగిలింది.

కాసులమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. "నా కోడలు..." ఆ తర్వాత గాలి తప్ప ఇంకేమీ రాలేదు. గంప అంచు మీద చెయ్యి అలాగే ఉంది. చెయ్యి తీస్తే పాట మొదలవుతుంది, ఆ మాట అక్కడితో సరి. ఆమె పెదవులు ఇంకా కదులుతున్నాయి. ఇన్నేళ్ళుగా ఎవరెవరి చేపలకో అరిచి అరిచి గొంతంతా ఖర్చు పెట్టింది. ఇంటి మనిషి కోసం ఒక్క మాట కావలసిన రోజున అది లేకపోయింది.

జోగమ్మకి అంతా వినపడింది. తన గొంతుతో తాను చెప్పగలదు, రేవంతా వినేలా. ఓ క్షణం ఆ ఆలోచనా చేసినట్టుంది, గుండెల నిండా ఊపిరి పీల్చింది. మళ్ళీ ఏమనుకుందో, వదిలేసింది. కాసులమ్మ భుజం వెనక నిలబడి ఉన్న సన్నీ వైపు తిరిగింది.

"నువ్వు సెప్పరా," అంది. "గొంతుకి ఏ జబ్బూ లేనోడివి, నువ్వు సెప్పు."

షెడ్డులో తలలన్నీ అతని వైపు తిరిగాయి. సన్నీ గేటు వైపు చూశాడు. వ్యాను ఇంజను ఆడుతూనే ఉంది. తలుపు తెరిచి పట్టుకుని, ఓ కాలు లోపల, ఓ కాలు నేల మీద, దేవి ఇటే చూస్తోంది.